గినీపందికి ఏ కూర పెట్టాలి?

పిల్లలూ! మీలో కొందరి ఇళ్ళల్లో గినీపందులు పెరుగుతూ ఉండవచ్చు. లేకపోతే పక్కింట్లోనో, స్నేహితుల ఇంట్లోనో, పెంపుడు జంతువులను అమ్మే దుకాణంలోనో మీరు వాటిని చూసి ఉంటారు. అవి బొద్దుగా, తోక లేకుండా, పొట్టి కాళ్ళతో, నల్లగుండీల వంటి కళ్ళతో ఉంటవి. వంటింట్లో కత్తిపీట చప్పుడు వినిపిస్తే చాలు, "వీక్! వీక్!" అని ఇల్లెగిరిపోయేటట్టు అరుస్తవి.

ఆ అరుపుకు అర్థం ఒక్కటే: "నాకేదీ?"

ఆ మాట విన్నాక ఊరుకోవటం ఎవరి తరం? చెల్లెలు తన బిస్కట్టులో సగం విరిచి పెడుతుంది. తమ్ముడు బంగాళాదుంప తొక్కలు తెచ్చి వేస్తాడు. బామ్మ గుప్పెడు అటుకులు పోస్తుంది. అందరిదీ ప్రేమే. కాని ఆ ప్రేమవల్లనే ఎన్నో గినీపందులు జబ్బు పడుతున్నవి. ఏది మంచిదో, ఏది చెడ్డదో పూర్తిగా పసికట్టే తెలివి దానికి లేదు. పైగా చెడ్డ పదార్థం తింటే మనం వాంతి చేసుకుంటాం, అది చేసుకోలేదు. లోపలికి పోయినది లోపలే ఉండిపోతుంది. కనక ఏది పెట్టాలో తెలుసుకోవలసిన బాధ్యత పెంచేవాళ్ళదే.

అట్లా అని కూరగాయలు అసలే మానేస్తే సరిపోతుందా? సరిపోదు సరికదా, ప్రాణానికే ముప్పు వస్తుంది. ఎందుకో చూద్దాం.

పేరు ఒకటి, పుట్టుక ఒకటి

గినీపంది పంది కాదు. దాని ఊరు గినీ దేశమూ కాదు. అది ఎలుకలూ, ఉడతలూ ఉన్న వర్గానికి చెందిన జంతువు. శాస్త్రజ్ఞులు దానికి "కేవియా పోర్సెల్లస్" అని పేరు పెట్టారు. పోర్సెల్లస్ అంటే లాటిను భాషలో పంది పిల్ల అని అర్థం!

దాని అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల ప్రజలు వేల సంవత్సరాల క్రితమే దానిని మచ్చిక చేశారు. అక్కడి క్వెచువా భాషలో దాని పేరు "కుయ్". మన పల్లెల్లో కోళ్ళు తిరిగినట్టు అక్కడి పల్లెల్లో కుయ్‌లు వంటింటి మూలల్లో తిరుగుతూ ఉంటవి. మనం కోళ్ళను పెంచినట్టే వాళ్ళూ వాటిని మాంసం కోసం పెంచుతారు. పచ్చగడ్డీ, మొక్కజొన్న ఆకులూ తెచ్చి వేస్తారు. 16 వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు ఆ ఖండానికి వెళ్ళిన తరవాత ఇవి ఓడలెక్కి ఐరోపాకు చేరుకున్నవి. అక్కడ ముద్దు కోసం పెంచే జంతువులైనవి.

దాని పుట్టుకను గురించి ఇంతగా చెప్పటానికి కారణం ఉన్నది. ఒక జంతువు ఏమి తినాలో తెలుసుకోవాలంటే దాని తాతముత్తాతలు ఏమి తిన్నారో చూడాలి. గినీపంది తాతముత్తాతలు తిన్నది ముఖ్యంగా గడ్డి. పొద్దున గడ్డి, మధ్యాహ్నం గడ్డి, రాత్రి గడ్డి!

ఆగని తిరగలి

గినీపంది నోట్లో 20 పళ్ళు ఉంటవి. ముందు పళ్ళు నాలుగూ మీకు కనిపిస్తవి. మిగిలిన 16 దవడల లోపల దాగి ఉంటవి. మన పళ్ళకూ వాటికీ పెద్ద భేదం ఉన్నది. మన పళ్ళు ఒక మేరకు పెరిగి ఆగిపోతవి. గినీపంది పళ్ళు బతికి ఉన్నంత కాలమూ పెరుగుతూనే ఉంటవి. గడ్డిని తిరగలిలో గింజల్లాగా విసురుతూ ఉంటేనే అవి అరిగి సరిగా ఉంటవి. మెత్తటి తిండి మాత్రమే తింటే పళ్ళు అరగవు. వంకరగా పెరిగి నాలుకనూ, బుగ్గలనూ పొడుస్తవి. ఆపైన ఎదుట విస్తరి నిండా తిండి ఉన్నా ఆ జంతువు తినలేదు.

ఇక పొట్ట సంగతి. గడ్డి తేలికగా అరిగే తిండి కాదు. దానిని అరిగించటానికి గినీపంది పేగులలో ఒక పెద్ద సంచి ఉన్నది. దాని పేరు అంధనాళం. ఆ సంచిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపరం ఉంటవి. అవి గడ్డి పీచును విరగగొట్టి గినీపందికి పనికి వచ్చేటట్టు చేస్తవి. అందుకు ఫలితంగా వాటికి నిలువ నీడా, తినటానికి తిండీ దొరుకుతవి. ఇట్లా తయారైన సారాన్ని గినీపంది ఒక్కసారిలో పూర్తిగా పీల్చుకోలేదు. అందుచేత మెత్తని పెంటికలను మళ్ళీ తింటుంది. అది చూసి అసహ్యించుకోకండి. ఆవు నెమరు వేసినట్టే ఇదీ ఒక ఏర్పాటు.

ఆ సూక్ష్మజీవులకు అలవాటైన తిండి పీచు. హఠాత్తుగా తీపి పదార్థమో, పిండి పదార్థమో వచ్చి పడితే మంచి సూక్ష్మజీవులు తగ్గి, చెడ్డవి పెరుగుతవి. గాలి పుడుతుంది. పొట్ట డోలులాగా ఉబ్బుతుంది. ఒక్కొక్కప్పుడు పేగుల కదలికే ఆగిపోతుంది. బిస్కట్టులో సగం చేసే పని ఇదే!

కనక గినీపంది తిండిలో మొదటి స్థానం ఎండుగడ్డిది. రాత్రింబవళ్ళు దాని ముందు గడ్డి ఉండవలసిందే. ఎండుగడ్డి అంటే పంట కోసిన తరవాత మిగిలే వరిగడ్డి కాదు. అందులో సారం తక్కువ; పక్కగా పరచటానికి మాత్రం పనికి వస్తుంది. పచ్చగా ఉన్నప్పుడే కోసి ఆరబెట్టిన మేతగడ్డి కావాలి. దుకాణాలలో టిమోతీ గడ్డి అని పొట్లాలలో అమ్ముతారు. శుభ్రమైన చోట మొలిచిన పచ్చి గరిక కూడా వాటికి ఇష్టమే. గడ్డితోపాటు మంచి నీరు ఎప్పుడూ ఉండాలి.

మనకూ దానికీ చుట్టరికం

గడ్డే దాని తిండి అయినప్పుడు మరి కూరలెందుకు? ఈ ప్రశ్నకు జవాబులో ఒక వింత ఉన్నది.

కుక్క నిమ్మకాయ తినదు. పిల్లి జామకాయ తినదు. అయినా వాటికి సి విటమిను లోటు రాదు. ఎందుచేత? అవి తమకు కావలసిన సి విటమినును తమ శరీరంలోనే తయారు చేసుకుంటవి. ఆవూ, మేకా, ఎలుకా, కుందేలూ కూడా అంతే. ఆ పని చెయ్యలేని జంతువులు తక్కువ. వాటిలో మనుషులు ఉన్నారు, కోతులలో చాలా జాతులు ఉన్నవి, మన గినీపంది ఉన్నది! సి విటమిను తయారీలో చివరి మెట్టుకు అవసరమైన ఒక ఎంజైము మన శరీరంలోనూ లేదు, గినీపంది శరీరంలోనూ లేదు. ఆ విధంగా అది మనకు చుట్టమే.

సి విటమిను లేకపోతే ఏమవుతుంది? ఇటుకలను పట్టి ఉంచటానికి మధ్యలో సున్నం ఉన్నట్టు, మన శరీరంలోని కణాలను పట్టి ఉంచే పదార్థం ఒకటి ఉన్నది. సి విటమిను లేనిదే అది సరిగా తయారు కాదు. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది, కీళ్ళు వాస్తవి, గాయాలు మానవు. ఈ జబ్బు పేరు స్కర్వీ. నెలల తరబడి సముద్రం మీద ఉండి, ఎండిన రొట్టెలూ ఉప్పుమాంసమూ తప్ప మరేమీ ఎరగని నావికులు పూర్వం దీనివల్ల వేలమంది చనిపోయారు. 1747 లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళపు వైద్యుడు 12 మంది రోగులను తీసుకుని, ఇద్దరిద్దరికి ఒక్కొక్క రకం మందు ఇచ్చి చూశాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే చప్పున కోలుకున్నారు. అయితే ఆ పళ్ళలో ఉన్నదేమిటో ఎవరికీ తెలియలేదు.

160 సంవత్సరాలు గడిచినవి. 1907 లో నార్వే దేశంలో ఆక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిఖ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నావికులకు వచ్చే జబ్బులను పరిశోధిస్తూ గినీపందులకు ధాన్యాలూ, రొట్టే మాత్రమే పెట్టి చూశారు. వాటికి అచ్చంగా స్కర్వీ వచ్చింది! తాజా కాబేజీయో, నిమ్మరసమో ఇచ్చినప్పుడు రాలేదు. వాళ్ళు గినీపందికి బదులు ఎలుకను తీసుకుని ఉంటే ఏమీ తెలిసేది కాదు. ఎలుక సి విటమినును తానే తయారు చేసుకుంటుంది గదా!

ఎర్ర మిరపకాయ కథ

ఈ కథలో మరొక ఘట్టం హంగరీ దేశంలో జరిగింది. ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు ఎద్దుల గ్రంథులనుంచీ, నారింజలనుంచీ, కాబేజీ నుంచీ ఒక తెల్లని పదార్థాన్ని వేరుచేశాడు. అదేమిటో ఆయనకే తెలియదు. చక్కెర జాతిది మాత్రం అయి ఉంటుందనిపించింది. "నాకు తెలియని చక్కెర" అని అర్థం వచ్చేటట్టు దానికి "ఇగ్నోస్" అని పేరు పెట్టాడు. పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. అయితే "గాడ్‌నోస్" అందామన్నాడు ఆయన. అంటే "దేవుడికే తెలియాలి" అని! సంపాదకుడికి అది అసలే నచ్చలేదు. చివరకు 1928 లో అది మరో పేరుతో అచ్చయింది.

తరవాత సెగెడ్ అనే పట్నంలో సెంట్-గ్యోర్గీ దగ్గరికి జోసెఫ్ స్విర్బెలీ అనే యువకుడు వచ్చి చేరాడు. ఇద్దరూ కలిసి గినీపందులను రెండు జట్లుగా చేశారు. విటమిను నశించిపోయేటట్టు ఉడకబెట్టిన తిండినే అన్నిటికీ పెట్టారు. ఒక జట్టుకు మాత్రం ఆ తెల్లని పదార్థం కొంచెం కలిపి ఇచ్చారు. అది దొరకని గినీపందులు స్కర్వీతో చనిపోయినవి. దొరికినవి హాయిగా పెరిగినవి. అదే సి విటమిను అని 1932 లో రుజువైంది.

కాని పరిశోధన సాగాలంటే ఆ పదార్థం ఎక్కువగా కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఒకనాటి రాత్రి భోజనంలో ఆయన భార్య ఎర్రని పెద్ద మిరపకాయ వడ్డించింది. ఆ ప్రాంతం మిరపతోటలకు ప్రసిద్ధి. సెంట్-గ్యోర్గీకి అది తినాలనిపించలేదు. తినకుండా తప్పించుకోవటానికి దానిని పరిశోధనశాలకు పట్టుకుపోయాడు. అర్ధరాత్రి అయ్యేసరికి అది సి విటమిను గని అని తేలింది! ఈ ముచ్చట ఆయనే తరవాత చెప్పుకున్నాడు. 1937 లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ గినీపందుల త్యాగం వల్ల మనకు తెలిసిన రహస్యం ఈనాడు మన ఇంటి గినీపందికి కూడా పనికి వస్తున్నది. ఆనాడు హంగరీలో దొరికిన కాయకు దగ్గర చుట్టమే మన బజారులో దొరికే కారం లేని బెంగుళూరు మిరపకాయ. కాప్సికం అన్నా అదే.

వంటింట్లో వెతకండి

ఎదిగిన గినీపంది ఒకటి సుమారు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల వరకు తూగుతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 10 మొదలు 30 మిల్లీగ్రాముల సి విటమిను కావాలి. చూలుతో ఉన్నవాటికీ, జబ్బుగా ఉన్నవాటికీ ఎక్కువ కావాలి. ఇప్పుడు ఒక చిన్న లెక్క చెయ్యండి. ఎర్ర కాప్సికం 100 గ్రాములలో సుమారు 120 మిల్లీగ్రాముల సి విటమిను ఉంటుంది. ఆకుపచ్చ దానిలో సుమారు 80 ఉంటుంది. కిలో బరువున్న గినీపందికి ఎర్రది 25 గ్రాములు పెడితే ఎంత వచ్చింది? 30 మిల్లీగ్రాములు! అంటే నాలుగు గినీపందులకు ఒక కాయ చాలు.

కాప్సికం తొడిమా, గింజలూ తీసివేసి పెట్టాలి. పచ్చిమిరపకాయా, ఎండుమిరపకాయా మాత్రం ఎన్నడూ పెట్టకూడదు.

కాప్సికం తరవాత చెప్పుకోదగినది కొత్తిమీర. మీ అమ్మగారు పచ్చడికి ఆకులు తుంచుకుని కాడలు పారవేస్తారే, ఆ కాడలు అడిగి తీసుకోండి. గినీపంది వాటిని ఒక చివర పట్టుకుని దారం లోపలికి లాగినట్టు మింగుతూ ఉంటే చూడటం భలే సరదాగా ఉంటుంది. మొక్కజొన్న పొత్తులు ఒలిచినప్పుడు వచ్చే పచ్చి ఆకులు కూడా పెట్టవచ్చు. ఆండీస్ గినీపందుల తిండి అదే గదా! బజారులో పొడుగాటి ఆకుల లెట్యూస్ దొరికితే అదీ మంచిదే. పుదీనా రెండు రెమ్మలు వేయవచ్చు.

కీరదోసకాయలో నూటికి 95 వంతులు నీళ్ళే. ఎండాకాలంలో రెండు చక్రాలు ఇస్తే హాయిగా ఉంటుంది. కాని సి విటమిను కోసం దానిని నమ్ముకుంటే లాభం లేదు.

క్యారెట్టు అందరూ పెట్టేదే. కాని అందులో తీపి ఎక్కువ, సి విటమిను తక్కువ. వారానికి రెండుసార్లు వేలెడంత ముక్క చాలు. పండిన టమాటా చిన్న ముక్క అప్పుడప్పుడు ఇవ్వవచ్చు. దాని ఆకూ, కాడా విషం. కాబేజీ, కాలీఫ్లవరు ఎక్కువైతే పొట్టలో గాలి పుడుతుంది. ఎప్పుడో ఒక చిన్న ఆకు చాలు.

పాలకూర మనకు మంచిది. గినీపందికి మాత్రం అప్పుడప్పుడు రెండాకులు మించకూడదు. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అది సున్నపు పదార్థంతో కలిసి మూత్రకోశంలో రాళ్ళు కట్టటానికి దోహదం చేస్తుంది. గినీపందులకు ఆ జబ్బు తరచు వస్తుంది. తోటకూర, చుక్కకూర వంటివాటితోనూ ఇదే జాగ్రత్త. రోజూ ఒకే ఆకు పెట్టకుండా మార్చి మార్చి పెట్టటంలో ఉన్న మేలు ఇదే.

పళ్ళ విషయం కూడా చెప్పాలి. గింజలు తీసిన జామపండు ముక్కో, యాపిల్ ముక్కో వారానికి ఒకటి రెండుసార్లు మీ బొటనవేలి గోరంత ఇవ్వండి. అంతకు మించి వద్దు.

మొత్తం మీద ఎంత పెట్టాలి? ఎదిగిన గినీపందికి రోజుకు టీ కప్పెడు తరిగిన కూరలు చాలు. సగం పొద్దున, సగం సాయంత్రం పెట్టండి. అందులో ఎక్కువ భాగం ఆకులే ఉండాలి. కడుపు నిండటానికి మాత్రం గడ్డే!

పెట్టకూడనివి

వీటిని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బోను దగ్గర అంటించండి. ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా చదువుకుంటారు.

ఉల్లిపాయ, ఉల్లికాడలు, వెల్లుల్లి వద్దు. ఇవి దాని రక్తాన్ని చెడగొడతవి.

బంగాళాదుంప వద్దు. తొక్క వద్దు, మొలక అసలే వద్దు. ఆకుపచ్చబడిన దుంపలోనూ, మొలకలోనూ విషం ఉంటుంది.

అవకాడో పండు వద్దు. రుబార్బ్ కాడ వద్దు.

అన్నం, అటుకులు, రొట్టె, బిస్కట్లు, చాకొలెట్టు, పాలు, పెరుగు వద్దు. ఉప్పూ కారమూ తగిలినదేదీ వద్దు. వండిన కూర వద్దు.

ఎండిన పప్పులు, గింజలు వద్దు. అవి గొంతుకు అడ్డం పడవచ్చు.

తోటలో మొక్కలను చూసి ఊరికే ఆకులు కోసి వేయకండి. గన్నేరు, లాంటానా వంటివి ప్రాణం తీస్తవి. పేరు తెలియని ఆకును విషమనే అనుకోవాలి. యంత్రంతో కోసి కుప్పపోసిన గడ్డి కూడా వద్దు. అది తొందరగా పులుస్తుంది. కుక్కలు తిరిగే చోటా, పురుగుల మందు చల్లిన చోటా, రోడ్డు పక్కా మొలిచిన గడ్డి తేవద్దు.

పెట్టే పద్ధతి

ఏది పెట్టినా మూడు నాలుగుసార్లు మంచి నీళ్ళతో కడగండి. కూరగాయల మీద చల్లిన మందు మనకంటె చిన్న ప్రాణికి ఎక్కువ హాని చేస్తుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసినదాన్ని వెంటనే పెట్టకుండా చల్లదనం పోయేవరకు ఆగండి. వాడినదీ, కుళ్ళు వాసన వేసేదీ, బూజు పట్టినదీ పారవేయండి. "మనకు పనికిరానిది దానికి పెడదాం" అనుకోకూడదు.

కొత్త కూర పెట్టాలనుకుంటే ఒక్కసారి ఒక్కటే పెట్టండి. మొదటి రోజు గోరంత ముక్క చాలు. మరునాడు పెంటికలు చూడండి. ఎప్పటిలాగా గట్టిగా, కోలగా ఉంటే కొంచెం పెంచండి. మెత్తగా, జారుగా ఉంటే ఆ కూర ఆపి, గడ్డీ నీరూ మాత్రం ఉంచండి. ఒకే రోజు రెండు కొత్త కూరలు పెడితే తప్పు దేనిదో ఎట్లా తెలుస్తుంది? శాస్త్రజ్ఞులు చేసేది కూడా ఇదే. ఒక్కసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూస్తారు.

దుకాణం నుంచి కొత్తగా తెచ్చిన గినీపంది కూరలను ముట్టుకోకపోవచ్చు. చిన్నతనంలో చూడని తిండిని అది తిండి అనే అనుకోదు. బలవంతం చేయకండి. తెలిసిన గడ్డి మధ్య ఒక కొత్తిమీర రెమ్మ ఉంచి చూడండి. పక్కన మరొక గినీపంది తింటూ ఉంటే చూసి నేర్చుకుంటుంది. ఇవి గుంపుగా బతికే జంతువులు, ఒంటరిగా ఉంచకూడదు.

రెండు మూడు గంటలయ్యాక మిగిలిన ముక్కలు తీసివేయండి. మన ఎండాకాలంలో అయితే ఇంకా ముందే తీయాలి. వేడికి కూర చప్పున పాడైపోతుంది. గినీపంది కొండప్రాంతపు జంతువు కనక దానికీ ఎండ పడదు. బోనును ఇంట్లో చల్లటి చోట ఉంచండి.

అరుపు ఆగితే

మీ గినీపంది రోజూ అరుస్తున్నదంటే సంతోషించండి. కత్తిపీట చప్పుడైనా పలకకుండా మూలన ముడుచుకుని కూచుంటే అనుమానించండి.

వెంట్రుకలు గరుకుగా లేవటం, కుంటటం, కదలటానికి ఇష్టపడకపోవటం, ఎత్తుకుంటే నొప్పితో అరవటం, చిగుళ్ళ నుంచి రక్తం రావటం సి విటమిను లోటుకు గుర్తులు. తాజా కూర లేకపోతే రెండు మూడు వారాలలోనే ఇవి కనిపించవచ్చు. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పోయటానికి అవస్థ పడుతున్నా రాళ్ళు ఉండవచ్చు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే, పెంటికలు ఆగిపోతే, పూట గడిచినా ఏమీ తినకపోతే క్షణం ఆలస్యం చేయకూడదు. మనం ఒక రోజు ఉపవాసం ఉండగలం. గినీపంది ఉండలేదు. తిరగలి ఆగితే పేగులు ఆగుతవి. పేగులు ఆగితే ప్రాణం పోతుంది. "రేపు చూద్దాం" అనుకోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోండి.

జబ్బు పైకి కనపడకముందే పట్టుకునే ఉపాయం ఒకటి ఉన్నది. వారానికి ఒకసారి దానిని తూచండి. వంటింటి త్రాసు మీద ఒక బుట్ట పెట్టి అందులో కూచోబెడితే సరి. బరువును ఒక పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. బరువు వరసగా తగ్గుతున్నదంటే, పైకి ఎంత హుషారుగా కనిపించినా, లోపల ఏదో ఉన్నదన్నమాట.

పెద్దలకు ఒక మాట

గినీపంది ఐదు నుంచి ఎనిమిది సంవత్సరాలు బతుకుతుంది. కొనేటప్పుడు ఐదో తరగతి చదువుతున్న అబ్బాయి, అది ముసలిదయ్యేటప్పటికి కాలేజీలో ఉంటాడు. కనక తిండి పెట్టే పని పిల్లలదైనా, చూసే కన్ను పెద్దలది కావాలి.

దుకాణాలలో కుందేళ్ళ కోసం అమ్మే గుళికలను గినీపందికి పెట్టకండి. కుందేలు సి విటమినును తానే తయారు చేసుకుంటుంది కనక ఆ గుళికలలో దానిని కలపరు. గినీపందులకని ప్రత్యేకంగా చేసినవి కొన్నా, తయారైన తేదీ చూడండి. నెలలు గడిచేకొద్దీ వాటిలోని సి విటమిను నశిస్తుంది. తాగే నీళ్ళలో విటమిను కలపటం కూడా మంచిది కాదు. వెలుతురు తగిలి అది చెడిపోతుంది; రుచి మారితే జంతువు నీళ్ళే మానవచ్చు.

ఇంట్లో ఉన్న మందులు దానికి వేయవద్దు. మనకు మేలు చేసే పెన్సిలిన్, అమాక్సిసిల్లిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే గినీపంది పొట్టలోని మంచి సూక్ష్మజీవులను చంపి, దాని ప్రాణమే తీయగలవు.

పండుగకు ఊరికి పోయేటప్పుడు పక్కింటివారికి అప్పగిస్తే, "గడ్డీ నీళ్ళూ చూడండి" అని చెప్పి ఊరుకోకండి. ఏ రోజు ఏ కూర ఎంత పెట్టాలో, ఏవి పెట్టకూడదో రాసి ఇవ్వండి.

పిల్లలూ! ఒక వారం పట్టిక చెబుతాము, మీ పుస్తకంలో ఎక్కించుకోండి. రోజూ గడ్డి దండిగా, కాప్సికం ముక్క ఒకటి, కొత్తిమీర నాలుగు రెమ్మలు. వీటితోపాటు సోమవారం కీరదోస, మంగళవారం లెట్యూస్ ఆకులు, బుధవారం క్యారెట్టు ముక్క, గురువారం మొక్కజొన్న ఆకులు, శుక్రవారం టమాటా ముక్క, శనివారం పుదీనా, ఆదివారం గోరంత జామపండు. అప్పటివరకు ఎరగనివి ఉంటే ఒక్కొక్కటే నిదానంగా అలవాటు చేయండి.

ఆదివారం ఎప్పుడు వస్తుందా అని మీరే కాదు, మీ గినీపంది కూడా ఎదురుచూస్తుంది.